నాలుగు రోజులు గాలి చేతిలో

దీవుల మధ్య తెరచాప పడవలో మూడు రాత్రులు, నాలుగు పగళ్ళు అంటే ఎవరికైనా మనసు లాగుతుంది. ఖర్చూ తక్కువేం కాదు. అయినా అలా వెళ్ళొచ్చినవాళ్ళను కదిపితే చాలామంది "బాగానే ఉంది గానీ..." అని ఆగుతారు. ఆ "గానీ" వెనక ఏముందని తరచి అడిగితే సముద్రం మీద ఫిర్యాదు ఉండదు, పడవ మీదా ఉండదు. అనుకున్న దీవికి పడవ పోలేదు. ఫలానా బీచ్‌లో ఫోటోలు దిగాల్సిన పూట వాన కురిసింది. మొదటిరోజు సాయంత్రం దాకా ఒకావిడ తలెత్తలేకపోయింది. నీళ్ళ మీదికి వెళ్తూ నేల మీది టైంటేబుల్ మూటగట్టుకుపోయినవాళ్ళ బాధలివి.

ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. గట్టు మీద ఉండగానే తీసుకోవాల్సిన నిర్ణయాలు కొన్ని ఉన్నాయి. వాటిని పట్టుదలగా, కాస్త మొండిగానైనా తీసుకోండి. లంగరు ఎత్తాక మాత్రం పట్టు వదిలేయండి. చాలా కుటుంబాల్లో ఇది తలకిందులుగా జరుగుతుంది. బుకింగ్ చేసేటప్పుడు "వెళ్ళాక చూసుకుందాంలే" అంటారు. తీరా పడవెక్కాక గంటగంటకూ "ఇప్పుడెక్కడికి? తర్వాతేంటి?" అని పడవ నడిపే స్కిప్పర్ వెంటపడతారు. అటు ముందుచూపూ లేదు, ఇటు విశ్రాంతీ లేదు.

ఉదాహరణకు సీషెల్స్ దీవులు తీసుకుంటాను. భూమధ్యరేఖకు దక్షిణంగా, హిందూ మహాసముద్రంలో నూటికి పైగా దీవుల దేశమిది. మనవాళ్ళు ముందుగా వీసా తీసుకోనక్కర్లేదు, ఆన్‌లైన్‌లో ప్రయాణ అనుమతి తెచ్చుకుంటే సరిపోతుంది. మాహే, ప్రాలాన్, లా దీగ్, క్యూరియూజ్ దీవులు దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి సెలవు తక్కువ దొరికేవాళ్ళకు ఇంతకన్నా అనువైన చోటు ఈ సముద్రంలో అరుదు. ఇంకో కారణం కూడా ఉంది. ఇవి పగడపు దిబ్బలు కావు, గ్రానైట్ దీవులు. సుమారు 6 కోట్ల 50 లక్షల ఏళ్ళ కిందటి దాకా ఈ రాతినేల భారత భూభాగంతో కలిసే ఉండేది. దక్కన్‌లో లావా పొంగిన కాలంలోనే విడిపోయి ఇక్కడ మిగిలింది. లా దీగ్ ఒడ్డున గుండ్రంగా అరిగి, ఒకదాని మీద ఒకటి ఒరిగి నిలబడ్డ బండల్ని చూస్తే హైదరాబాద్ శివార్లలో మొన్నమొన్నటి దాకా కనిపించిన గుట్టలే సముద్రంలోకి నడిచొచ్చినట్టు ఉంటాయి.

ముందు నెల, ఆ తర్వాతే పడవ

చాలామంది ముందు పడవ ఫోటోలు చూస్తారు, తర్వాత పిల్లల సెలవులు చూసుకుంటారు, గాలి సంగతి అసలు చూడరు. తెరచాప పడవకు మొదట చూడాల్సింది గాలే.

సీషెల్స్‌లో ఏడాదికి రెండు గాలులు. మే నుంచి అక్టోబర్ దాకా ఆగ్నేయం నుంచి నిలకడైన గాలి వీస్తుంది. ఎండ ఉన్నా ఒళ్ళు చల్లగా ఉంటుంది, వానలు తక్కువ, కెరటాలు మాత్రం కాస్త పెద్దవి. డిసెంబర్ నుంచి మార్చి దాకా వాయవ్యపు గాలి. ఉక్కపోత, వానలు ఎక్కువ. జనవరిలో మరీ ఎక్కువ. ఈ రెంటి మధ్యా గాలి మళ్ళే కాలం ఏప్రిల్ ఒకటి, అక్టోబర్ చివర నుంచి నవంబర్ ఒకటి. అప్పుడు నీళ్ళు నిలకడగా, తేటగా ఉంటాయి. ముఖం నీళ్ళలో పెట్టి చేపల్ని, పగడాల్ని చూడటమే మీ కోరికైతే ఈ నెలల్లో వెళ్ళండి. తెరచాప నిండి పడవ పరుగెత్తడం చూడాలంటే జూన్, జులైలు. అమ్మానాన్నల్ని, పసిపిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళకు ఏప్రిల్ లేదా మే మొదట్లో వెళ్ళమంటాను. మన వేసవి సెలవులకూ అదే సరిగ్గా కుదురుతుంది.

కోస్తా జిల్లాలవాళ్ళు సముద్రం మాట ఎత్తగానే అడిగే మొదటి ప్రశ్న తుపాను గురించి. ఆ భయం ఉత్తిది కాదు, మనం చూసినవి అలాంటివి. ఈ ప్రధాన దీవులు భూమధ్యరేఖకు మరీ దగ్గర, నాలుగైదు డిగ్రీల దూరంలోనే ఉన్నాయి. తుపాను సుడి తిరగాలంటే భూభ్రమణం ఇచ్చే మెలిక కావాలి. రేఖకు దగ్గరయ్యే కొద్దీ ఆ మెలిక బలహీనపడుతుంది. అందుకే తుపాన్ల దారి సాధారణంగా వీటికి బాగా దక్షిణంగా పోతుంది. భారీ వానలు మాత్రం పడతాయి.

ఇక్కడ ఒక అదృష్టం కూడా ఉంది. విమానం దిగే మాహే నుంచి ప్రాలాన్ ఈశాన్య దిక్కున సుమారు 45 కిలోమీటర్లు. గాలి ఆగ్నేయం నుంచి వచ్చినా, వాయవ్యం నుంచి వచ్చినా పడవ పక్కకే తగులుతుంది. పక్కగాలి తెరచాపకు అన్నిటికన్నా సులువైనది. వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ అదే సుళువు. అదే ఎదురుగాలైతే పడవ నేరుగా పోలేదు, ఏటవాలుగా అటు కొంత ఇటు కొంత పోతూ దూరం పెంచుకోవాలి. నాలుగు రోజుల యాత్రలో ఒక పూట అలా పోయిందంటే మిగతా పూటలన్నీ ఇరుకున పడతాయి. అందుకే ఏ దీవుల మధ్య ప్రయాణానికి డబ్బు కడుతున్నా మ్యాప్ మీద ఈ ఒక్క లెక్క వేసి చూడండి. ఆ నెలలో గాలి ఎటు నుంచి, మన దారి ఎటు వైపు?

పడవలో విలాసం అంటే ఏమిటి

హోటల్ విలాసాన్ని గది విస్తీర్ణంతో కొలుస్తాం. పడవలో ఆ కొలత పనికిరాదు. ఎంత ఖరీదైన పడవలోనైనా పడక గది చిన్నదే, మంచం దిగితే తలుపు తగులుతుంది. ఇక్కడ విలాసం మూడింటిలో ఉంటుంది. రాత్రి పడవ ఊగకుండా నిద్ర పట్టడం, ఏ వేళైనా నీడలో కాళ్ళు చాపుకుని కూర్చునే చోటుండటం, వండిపెట్టే మనిషి మనసెరిగి వండటం. డబ్బు ఈ మూడింటికీ పెట్టండి. పాలరాతి స్నానాలగదికి పెట్టకండి.

మొదటిసారి వెళ్ళే కుటుంబానికి నేను కాటమరాన్ పడవనే చెప్తాను. రెండు సన్నటి పొట్టలు, మధ్యలో వెడల్పాటి డెక్, ముందువైపు నీళ్ళ మీద కట్టిన వల. ఒంటి పొట్ట పడవ గాలికి ఒక పక్కకు ఒరిగి పోతుంది. ఆ ఒరుగుడులోనే ఆనందం ఉందనేవాళ్ళున్నారు, నిజమే, కానీ అరవై దాటిన అమ్మకు ఆ ఆనందం అక్కర్లేదు. కాటమరాన్ ఒరగదు, లోతులేని నీళ్ళలోకి కూడా పోగలదు కాబట్టి ఒడ్డుకు దగ్గరగా లంగరు వేస్తారు. కంపెనీ ఏదైనా బుకింగ్‌కు ముందు రాతపూర్వకంగా అడగాల్సినవి కొన్నున్నాయి. పడవ మొత్తం మనదేనా, లేక వేరేవాళ్ళతో పంచుకోవాలా? స్కిప్పర్‌తో పాటు వంటమనిషి విడిగా ఉంటారా? ఏసీ రాత్రంతా నడుస్తుందా? ఇది చాలామంది అడగరు. ఏసీకి జనరేటర్ కావాలి, జనరేటర్ మోతలో నిద్ర ఉండదు, అందుకే చాలా పడవల్లో కొన్ని గంటలకు ఆపేస్తారు. ఆపాక తల మీది కిటికీ తెరిస్తే వచ్చే గాలి చాలు, కానీ ఆ సంగతి ముందే తెలిస్తే గొడవ ఉండదు. డీజిల్, పార్కుల ప్రవేశ రుసుములు, భోజన సామగ్రి, సిబ్బందికి ఇచ్చే బక్షీసు, వీటిలో ఏవి ధరలో కలిశాయి, ఏవి విడి? జవాబు స్పష్టంగా రాకపోతే ఆ పడవ వదిలేయండి.

నీళ్ళ సంగతి కూడా ముందే మాట్లాడుకోవాలి. చుట్టూ సముద్రం, తాగేందుకూ ఒళ్ళు కడుక్కునేందుకూ మాత్రం ట్యాంకులో ఉన్నదే. ఉప్పునీటిని మంచినీరు చేసే యంత్రం ఉన్న పడవలున్నాయి, అయినా అది జనరేటర్ మీదే నడుస్తుంది. బకెట్లతో పోసుకునే మన అలవాటు ఇక్కడ కుదరదు. సముద్రంలో ఈది వచ్చి, పడవ వెనక మెట్ల మీద ఉండే చిన్న షవర్‌తో ఉప్పు వదిలించుకుంటే స్నానం అయినట్టే. తలంటు గట్టుకొచ్చాక. టాయిలెట్ గొట్టం సన్నం. తిని అరిగింది తప్ప ఇంకేదీ అందులో పడకూడదు, కాగితం కూడా డబ్బాలోనే వేయాలి. మొదటిరోజు స్కిప్పర్ ఇది చెప్తుంటే మొహమాటంతో తలూపి వినకుండా ఉండొద్దు. చిన్నపిల్లలకు మీరు మళ్ళీ చెప్పండి. గొట్టం మూసుకుపోతే ఆ రోజంతా దాన్ని బాగుచేయడంలోనే పోతుంది.

గట్టి పెట్టెలు తీసుకెళ్ళొద్దు. ఖాళీ పెట్టె పెట్టుకునే చోటు పడవలో ఉండదు. మడత పెట్టగలిగే గుడ్డ సంచీ చాలు. డెక్ మీద అందరూ వట్టి కాళ్ళతోనే తిరుగుతారు. ఎండ పైనుంచీ, నీటి మీద నుంచీ రెండు వైపులా కొడుతుంది కాబట్టి పొడవు చేతుల పల్చటి చొక్కాలు, గాలికి ఎగిరిపోకుండా తాడున్న టోపీ తప్పనిసరి.

కడుపులో తిప్పడం

ఈ యాత్రను నిజంగా పాడుచేసేది ఇదొక్కటే, కాబట్టి దీని దగ్గర కాస్త ఆగుదాం.

లోపలి చెవిలో ఉండే తూకపు యంత్రాంగం ఒళ్ళు కదులుతోందని చెప్తుంది. పడవ గదిలో కూర్చున్న కన్ను ఏమీ కదలడం లేదని చెప్తుంది. ఈ రెండు కబుర్లూ పొసగక మెదడు తికమకపడుతుంది. వికారం అక్కడి నుంచి మొదలు. దీనికీ ధైర్యానికీ సంబంధం లేదు. ఏళ్ళ తరబడి సముద్రంలో తిరిగిన నావికులకూ వస్తుంది. కనుక ఇంట్లో ఎవరికైనా వస్తే ఎగతాళి చేయకండి, వాళ్ళు సిగ్గుపడి గదిలోకి పోతారు, గదిలోకి పోతే ఇంకా ముదురుతుంది.

మన దగ్గర బస్సు ఘాట్‌రోడ్డు ఎక్కే ముందు వేసుకునే మాత్రలే ఇక్కడా పనిచేస్తాయి. కిటుకంతా వేళలో ఉంది. వాంతి మొదలయ్యాక వేసుకుంటే మాత్ర కడుపులో నిలవదు. పడవ కదలడానికి గంట ముందన్నా వేసుకోవాలి, కొన్నిటిని ముందురోజు రాత్రే వేసుకోవాలి. మగత వస్తుంది. గ్లకోమా, ప్రొస్టేట్ ఇబ్బంది ఉన్నవాళ్ళు, గర్భిణులు డాక్టర్‌ని అడక్కుండా వేసుకోకూడదు. ఖాళీ కడుపుతో ఉండకండి, నూనె వస్తువులతో నింపకండి. ఇడ్లీ లాంటిది, అరటిపండు, నాలుగు బిస్కెట్లు మంచివి. అల్లం ముక్క ఒకటి జేబులో ఉంచుకోండి.

ఇక కూర్చునే చోటు. పడవ ముక్కు దగ్గర ఊపు ఎక్కువ, మధ్యలోనూ వెనకా తక్కువ. బయట, గాలి తగిలే చోట కూర్చుని నీరూ ఆకాశమూ కలిసే గీత మీద చూపు నిలపండి. ఆ గీత కదలదు. చెవి చెప్పేదీ కన్ను చెప్పేదీ అప్పుడు ఒక్కటవుతాయి. ఫోన్ చూడటం, పుస్తకం చదవడం, వంగి సంచి వెతుక్కోవడం, ఈ మూడూ వికారాన్ని పిలిచి తెచ్చుకోవడమే. అందుకే కావాల్సినవన్నీ పడవ కదలకముందే పైకి తెచ్చి పెట్టుకోండి.

అన్నిటికన్నా బాగా పనిచేసే మందు చుక్కాని పట్టుకోవడం. నేనెక్కిన పడవలో విజయవాడ నుంచి వచ్చిన కుటుంబం ఒకటి ఉంది. అన్నదమ్ములిద్దరూ, భార్యలూ, వాళ్ళ అమ్మగారూ. మాహే నీడ దాటి పక్కకెరటం మొదలవగానే పెద్దావిడ మొహం పాలిపోయింది. కోడలు పక్కన చేరి, "అత్తయ్యా, లోపలికెళ్ళి పడుకుంటారా?" అంది. స్కిప్పర్ వద్దని చెయ్యూపి, ఆవిణ్ణి లేపి తీసుకెళ్ళి చక్రం పట్టించాడు. దూరంగా ప్రాలాన్ కొండ చూపించి, దాన్ని ఈ కడ్డీకి ఎడమ పక్కనే ఉంచమని సైగ చేశాడు. ఆవిడ చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని రెండు చేతులా చక్రం పట్టుకుంది. మొదట పడవ అటూ ఇటూ తూలింది. కాసేపటికి కెరటం రాకముందే చెయ్యి తిప్పడం పట్టుబడింది. అరగంట పోయాక చిన్నకొడుకు వచ్చి "నేను పట్టుకుంటానమ్మా" అంటే, "ఆగరా, ఆ కొండ పక్కకు జరిగిపోతోంది" అంది. వికారం ఏమైందో ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

చక్రం పట్టినవాళ్ళకు రాబోయే కదలిక ముందే తెలుస్తుంది. మెదడుకు కావాల్సింది అదే. అడిగితే చాలామంది స్కిప్పర్లు సంతోషంగా ఇస్తారు. అడగండి.

స్కిప్పర్‌తో మొదటి సాయంత్రం

పడవ ఎక్కిన సాయంత్రం, ఇంకా లంగరు ఎత్తకముందే, ఒక పని చేయండి. అందరూ డెక్ మీద కూర్చుని ఒక్కొక్కరు ఒక్కటే కోరిక చెప్పాలి. ఈ నాలుగు రోజుల్లో తప్పకుండా జరగాలనుకునేది ఒక్కటి, రెండు కాదు. అవన్నీ స్కిప్పర్ ముందు పెట్టి, "వీటిలో గాలి ఒప్పుకున్నవి మీకు తోచిన వరుసలో చేయండి, మిగతాది మీ ఇష్టం" అనండి. దారి తెలిసిన మనిషికి అంతకన్నా గౌరవం లేదు, అంతకన్నా ఉత్సాహం ఇచ్చేదీ లేదు. అతనికి వాతావరణం తెలుసు, ఏ మలుపులో రాత్రి నీళ్ళు నిలకడగా ఉంటాయో తెలుసు. తెలియనిదల్లా మీ మనసులో ఏముందో. అదొక్కటి చెప్పేస్తే సరి.

విజయవాడ కుటుంబంలో పెద్దన్నయ్యగారు ఇంటి దగ్గరే పూటపూటకూ ప్రోగ్రాం ప్రింటు తీసుకొచ్చారు. అందులో రెండోరోజు రాత్రి ప్రాలాన్ వాయవ్య కొసన ఉన్న ఆన్స్ లాజియో ముందు మకాం. ప్రపంచంలోకెల్లా అందమైన బీచ్‌లలో ఒకటని ఎక్కడ చూసినా రాస్తారు, అది నిజమే. కానీ మేం వెళ్ళినప్పుడు గాలి వాయవ్యం నుంచి ఉంది. పొద్దున్నే స్కిప్పర్ వచ్చి, అక్కడ కెరటం నేరుగా లోపలికొస్తోంది, ఆగితే రాత్రి ఒక్కరూ కన్ను మూయరు, క్యూరియూజ్ దీవి చాటుకు వెళ్దాం అన్నాడు. పెద్దన్నయ్యగారు కాగితం చూపించి వాదించారు. తమ్ముడు కల్పించుకుని, "అన్నయ్యా, పడవ ఆయనది, ప్రాణం మనది, వదిలేయ్" అన్నాడు. వదిలేశారు. పెద్దన్నయ్యగారు ఆన్స్ లాజియో చూడకుండానే విజయవాడ చేరారు. వాళ్ళమ్మగారి కోరిక మాత్రం ఆ మళ్ళింపు వల్లే తీరింది. ఆవిడ అడిగింది పెద్ద తాబేళ్ళు.

క్యూరియూజ్ ఎర్రమట్టి దీవి. 19వ శతాబ్దంలో కుష్ఠురోగుల్ని ఇక్కడ వేరుగా ఉంచేవారు. వాళ్ళ డాక్టరు కోసం కట్టిన కొయ్య ఇల్లు ఇప్పటికీ ఉంది. ఇప్పుడిది జాతీయ పార్కు. బే లారే దగ్గర ఒడ్డుకు దిగగానే ఆల్డాబ్రా తాబేళ్ళు నీడల్లో బండల్లా పడుంటాయి. మగవాటిలో కొన్ని 200 కిలోలు దాటుతాయి. రేంజర్ చూపించినట్టు మెడ కింద వేళ్ళతో మెల్లగా గోకితే, తాబేలు ముందు బుస్సుమని ఊపిరి వదిలి, తర్వాత నాలుగు కాళ్ళూ నిటారుగా చేసి, మడతలు పడ్డ మెడను పూర్తిగా సాచి అలాగే నిలబడిపోతుంది. తమ ఒంటి మీది పురుగుల్ని పక్షులు ఏరేందుకు వీలుగా ఇవి అలా నిలబడతాయంటారు. పెద్దావిడ దాని దగ్గర నుంచి కదల్లేదు. ఆ గంట ఏ కాగితంలోనూ లేదు.

దిగే చోట్ల గురించి

అన్ని దీవులూ చూడాలనుకోకండి. నాలుగు రోజులకు మూడు చాలు, రెండైనా తప్పులేదు.

ఒక పూట మాత్రం తప్పకుండా ప్రాలాన్ లోపలి వాలీ ద మే అడవికి ఇవ్వండి. 1983లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన ఈ అడవి 20 హెక్టార్లు కూడా ఉండదు. కోకో ద మేర్ చెట్లు ప్రాలాన్‌లోనూ, క్యూరియూజ్‌లోనూ తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా మొలవవు. మొక్కల్లోకెల్లా బరువైన గింజ దీనిదే, 20 కిలోలు దాటేవి ఉన్నాయి. కాయ పండటానికి ఆరేడేళ్ళు పడుతుంది. ఈ దీవుల్లో మనుషులు కాపురం పెట్టకముందే ఈ కాయల డిప్పలు సముద్రం మీద కొట్టుకుపోయి మాల్దీవుల్లో, మన ఒడ్డుల్లో దొరికేవి. మన సాధువుల చేతుల్లోని నల్లటి కమండలాల్లో కొన్ని ఈ డిప్పతో చేసినవే. ఇంటికి ఒకటి తెచ్చుకోవాలంటే ముద్రా, అనుమతి పత్రమూ ఉన్నదే కొనండి. లేనిది కొంటే విమానాశ్రయంలో లాక్కుంటారు, అది న్యాయం కూడా.

ఒడ్డున నీడనిచ్చే చెట్టుకు అక్కడివాళ్ళు తకమాకా అంటారు, చూడగానే మనం గుర్తుపడతాం, అది మన పొన్న చెట్టే. బాదం, సరుగుడు కూడా ఉన్నాయి. చెట్లే కాదు, మనుషుల్లోనూ మనవాళ్ళున్నారు. 1770లో సెయింట్ ఆన్ దీవిలో మొదటగా దిగి కాపురం పెట్టిన 28 మందిలో ఐదుగురు దక్షిణ భారతీయులు. ఇవాళ మాహేలోని విక్టోరియా ఊరి నడిబొడ్డున రంగురంగుల గోపురంతో తమిళుల వినాయకుడి గుడి ఉంది. పడవెక్కే ముందు ఆ గుడికీ, పక్కనే మార్కెట్‌కూ ఒక పూట పెట్టుకుంటే బాగుంటుంది.

కూజాన్ అనే చిన్న దీవి సంగతి ప్రత్యేకం. 1968లో పక్షి సంరక్షకులు దీన్ని కొన్నప్పుడు సీషెల్స్ వార్‌బ్లర్ అనే చిన్న పిట్టలు ప్రపంచం మొత్తంలో 30 కూడా లేవు. కొబ్బరితోట తీసేసి అడవి పెరగనిచ్చారు, పిట్టల్ని వేరే దీవులకూ పంపారు, ఇప్పుడవి వేలల్లో ఉన్నాయి. ఎలుకలు వస్తే నేల మీద గూడు కట్టే పక్షులన్నీ పోతాయి కాబట్టి మీ పడవ ఒడ్డుకు తాకకూడదు. దీవివాళ్ళే తమ పడవ పంపి ఎక్కించుకుంటారు, కెరటం ఎక్కువైతే ఆ రోజు ఎవర్నీ దించరు. అలా తిరిగి పంపిస్తే కోపం తెచ్చుకోకండి. ఆ కట్టుబాటు వల్లే అక్కడ పిట్టలున్నాయి.

నీళ్ళలోకి దిగడం

మన ఆడవాళ్ళలో, మగవాళ్ళలోనూ చాలామందికి ఈత రాదు. అంత దూరం వెళ్ళి, అంత ఖర్చు పెట్టి, డెక్ మీద నుంచి నీళ్ళను చూస్తూ కూర్చున్నవాళ్ళను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ప్రయాణానికి మూడు నెలల ముందు ఊళ్ళో ఈతకొలనులో చేరండి. ఈత నేర్చుకోనక్కర్లేదు. వెల్లకిలా తేలడం, ముఖం నీళ్ళలో పెట్టి గొట్టంతో ఊపిరి తీసుకోవడం, ఈ రెండూ వస్తే చాలు. ఉప్పునీరు మంచినీటికన్నా ఎక్కువ తేలుస్తుంది, పైగా లైఫ్‌జాకెట్ ఉంటుంది. ఒళ్ళంతా కప్పే ఈతదుస్తులు ఇప్పుడు మన ఊళ్ళలోనే దొరుకుతున్నాయి. బట్టల మొహమాటం ఒక్కటే కారణమైతే అది ఇంటి దగ్గరే తీరిపోవాలి. నీళ్ళలో ఎప్పుడూ జంటగా ఉండండి, స్కిప్పర్ చూపు దాటి పోకండి. లా దీగ్ ఆగ్నేయపు ఒడ్డున ఉన్న గ్రాండ్ ఆన్స్ చూడటానికి అందంగా ఉన్నా, ఆగ్నేయ గాలి రోజుల్లో అక్కడ ఈత ప్రాణాంతకం. హెచ్చరిక బోర్డులు ఊరికే పెట్టలేదు.

కింద కనిపించే పగడాల్ని చూసేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. 1998లో సముద్రం వేడెక్కినప్పుడు ఈ గ్రానైట్ దీవుల చుట్టూ బతికున్న పగడాల్లో సుమారు 90 శాతం పోయాయి. తేరుకుంటుండగానే 2016లో మళ్ళీ దెబ్బ తగిలింది. మీకు కనిపించే ప్రతి చిన్న కొమ్మా ఆ తర్వాత మొలిచిందో, బతికి బట్టకట్టిందో. వాటి మీద నిలబడితే, ఏళ్ళ తరబడి పెరిగింది ఒక్క అడుగుతో పోతుంది. కాళ్ళు ఎప్పుడూ ఇసుక మీదే ఆనించండి. లంగరు కూడా ఇసుకలోనే వేస్తున్నారా, పడవ కట్టడానికి నీటి మీద తేలే బోయా ఉందా అని స్కిప్పర్‌ని అడగండి. మంచి స్కిప్పర్ ఈ ప్రశ్నకు సంతోషిస్తాడు. గవ్వలు, పగడపు ముక్కలు ఏరుకోవడం నేరం.

తిండి, ఫోన్, మనుషులు

అక్కడి క్రియోల్ వంటలో చేపలు, కొబ్బరిపాలు, పచ్చిమిరప, మసాలా అన్నీ ఉంటాయి. మాంసాహారులకు బెంగ అక్కర్లేదు. శాకాహారులు మాత్రం వారం ముందే స్పష్టంగా రాయాలి. "వెజిటేరియన్" అంటే చాలదు, చేప, గుడ్డు, చేప ముక్కలు తీసేసిన పులుసు కూడా తినం అని రాయాలి. సామగ్రి అంతా మొదటిరోజు విక్టోరియాలోనే కొంటారు, తర్వాత చిన్న దీవుల్లో దొరకదు. పప్పు అక్కడివాళ్ళూ వండుతారు, బ్రెడ్‌ఫ్రూట్ వేపుడు మనకు బాగా నచ్చుతుంది. కారప్పొడి, కందిపొడి ప్యాకెట్లు వెంట ఉంటే కొబ్బరన్నంలోకి కలిసొస్తాయి.

ఫోన్ సంగతిలో నేను కఠినంగా చెప్తాను. ఈ దీవుల మధ్య సిగ్నల్ చాలాచోట్ల ఉంటుంది, అదే చిక్కు. ఆఫీసుకు నాలుగు రోజులు అందుబాటులో ఉండనని ముందే చెప్పి, ఇంట్లో ఒక్కరి ఫోన్ అత్యవసరానికి ఉంచి, మిగతావి సంచిలో పెట్టేయండి. ఇక్కడ ఏడాది పొడవునా పొద్దు ఆరుంపావు ప్రాంతంలో పొడిచి, సాయంత్రం ఇంచుమించు అదే వేళకు కుంగుతుంది. ఆ తర్వాత పడవ మీద చేయడానికి మాట్లాడుకోవడం తప్ప ఏమీ ఉండదు. అందుకే ఎవరితో వెళ్తున్నారన్నది పడవకన్నా ముఖ్యం. నలభై అడుగుల చోటులో తప్పుకుపోవడానికి వీలుండదు. డబ్బు పంచుకోవడానికి మాత్రమే కలుపుకున్న స్నేహితుల జంట కన్నా, చనువున్న ఇద్దరు అక్కచెల్లెళ్ళు మేలు. మనసులో ఏదన్నా తేడా ఉంటే ప్రయాణానికి ముందే తేల్చుకోండి, లేదా హోటల్ సెలవు పెట్టుకోండి.

చివరిరోజు లెక్క కూడా ముందే వేసుకోవాలి. మాహే మెరీనాకు పడవ సాధారణంగా పొద్దున్నే చేరుతుంది, కానీ గాలి ఎదురు తిరిగితే ఇంజన్ మీద రావాలి, ఆలస్యం అవుతుంది. దిగిన రోజే తిరుగు విమానం పెట్టుకుంటే ముందురోజు సాయంత్రం నుంచే అందరి చూపూ గడియారం మీదికి పోతుంది. మాహేలో ఒక రాత్రి మంచం కుదుర్చుకోండి. నేల మీద అడుగు పెట్టాక కొన్ని గంటలు, ఒక్కోసారి మర్నాటి దాకా గది ఊగుతున్నట్టే ఉంటుంది, ముఖ్యంగా షవర్ కింద కళ్ళు మూసుకున్నప్పుడు. కంగారు పడొద్దు, గోడ పట్టుకుని తలంటుకోండి, అదే పోతుంది. రోజులు గడిచినా పోకపోతేనే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి.